అరువు ముక్కు

బేకరీలో ఆమెను అందరూ ముక్కమ్మ అనే పిలిచేవారు. ఆ పేరు పెట్టింది యజమానే. బ్రెడ్డు లోపలిదాకా కాలిందో లేదో తెలుసుకోవడానికి మిగతావాళ్లు పుల్ల గుచ్చి చూస్తుంటే, ఆమె ఓవెన్ తలుపు దగ్గర నిలబడి ఒక్కసారి గాలి పీల్చి, "ఇంకాస్త ఉండనివ్వండి" అనో, "తీసేయండి, తీసేయండి" అనో చెప్పేది. ఆ మాట తప్పేది కాదు. పిండి ఎంత పులిసిందీ, వెన్న ఎప్పటిదీ అన్నీ ఆ ముక్కుకు తెలిసేవి. ఇంట్లో కూతురు దాచుకుని తిన్న చాక్లెట్ సంగతి కూడా దానికి దొరికిపోయేది.

ఆ చలికాలం ఇంటిల్లిపాదీ జ్వరపడ్డారు. అందరికీ తగ్గింది. ఆమెకూ తగ్గింది గానీ, ఆ జ్వరం పోతూ పోతూ ఆమె ముక్కును కూడా వెంట పట్టుకుపోయింది.

పనిలోకి వెళ్లిన మొదటిరోజే ఆ సంగతి బయటపడింది. ఆమె ఓవెన్ పక్కనే నిలబడి ఉంది. లోపల బన్నులు మాడి బొగ్గవుతున్నాయి. పొగ కంట్లో పడేదాకా ఆమెకు తెలియలేదు. యజమాని పరుగెత్తుకొచ్చాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన తిట్టలేదు. మాడిన పళ్లెం వంకా ఆమె వంకా చూసి, "కొన్నాళ్లు ప్యాకింగ్ బల్ల దగ్గర కూర్చో అమ్మా" అన్నాడు నెమ్మదిగా.

"లోపలి నరాలు దెబ్బతిన్నాయి. రావచ్చు, రాకపోవచ్చు. తెలిసిన వాసనలు రోజూ పీలుస్తూ, ఒకప్పుడు అవి ఎలా ఉండేవో గుర్తు తెచ్చుకుంటూ ఉండండి" అన్నాడు డాక్టరు. ఆమె సబ్బూ నిమ్మతొక్కా కాఫీపొడీ ముందేసుకుని కూర్చుంది. మూడింటికీ ఒకటే వాసన. అంటే, ఏదీ లేదు. కొన్నాళ్లకే విసుగొచ్చి మానేసింది. తిండి నోట్లో కాగితంలా మెదిలేది. కూతుర్ని దగ్గరికి తీసుకుంటే ఆ జుట్టు వాసన తెలిసేది కాదు. ఇది ఎవరితో చెప్పుకుంటుంది? కాలు విరిగితే పదిమందీ చూసి అయ్యో అంటారు. ముక్కు మొహం మీద నిక్షేపంలా ఉండగా పోయిందంటే ఎవరు నమ్ముతారు?

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ ఇంట్లో పర్యావరణం పిచ్చి మొదలైంది. మొదలుపెట్టింది కూతురు. కాలేజీవాళ్లు తీసుకెళ్తే ఊరి చివర చెత్త కొండ చూసొచ్చి, ఆ పూట అన్నం దగ్గర కూర్చుని చేయి కదపలేదు.

"మన సంచీ కూడా అక్కడే ఎక్కడో ఉంటుంది నాన్నా. ముడి వేసింది వేసినట్టే" అంది.

తండ్రి కుర్చీలూ బల్లలూ చేసే కార్ఖానాలో వడ్రంగి. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆ మర్నాటినుంచి బండి పక్కన పెట్టి సైకిల్ తీశాడు. షవరు పోయి బకెట్టు వచ్చింది. కూరగాయలు కడిగిన నీళ్లు బాల్కనీ కుండీలకు, బట్టలు పిండిన నీళ్లు గచ్చు కడగడానికి వెళ్లసాగాయి. మనిషి లేని గదిలో దీపం వెలిగితే ఇంట్లో గొడవే. నానమ్మ మాత్రం, "మేం పుట్టిందే ఇలా. మధ్యలో మీరు మరిచిపోయి, ఇప్పుడు మాకే నేర్పుతున్నారు" అని మూతి తిప్పింది.

ఆ వరసలోనే మూడో అంతస్తులోని ఆ ఇంటి బాల్కనీకి నీలం డ్రమ్ము వచ్చింది. తండ్రి దానికి చుట్టూ రంధ్రాలు పెట్టాడు. వంటింటి తొక్కలూ తొడిమలూ తాగేసిన టీ పొడీ అందులో వేసి ఎరువు చేయాలని కూతురి పట్టుదల. వేయడానికి అందరూ సిద్ధమే. పొడవాటి కర్రతో దాన్ని రోజూ కలపాలనేసరికి ఎక్కడివాళ్లు అక్కడ మాయం. మూత తీస్తే చాలు, కూతురికే కళ్లు తిరిగేవి.

"నాకిచ్చేయండి. ముక్కు లేనిదాన్ని, మూసుకునే పని కూడా లేదు" అని నవ్వింది ముక్కమ్మ. ఆ నవ్వుకు ఎవరూ జత కలవలేదు.

రోజూ బేకరీ నుంచి రాగానే ఆమె డ్రమ్ము కలిపేది. గుడ్డు పెంకులూ, పిండేసిన నిమ్మచెక్కలూ బేకరీ నుంచి కూడా తెచ్చి వేసేది. పని బాగానే సాగుతోందనుకుంది. ఒకరోజు కింది అంతస్తు టైలరు మెట్లెక్కి వచ్చి, గుమ్మం బయటే నిలబడ్డాడు.

"చెల్లెమ్మా, కోపం తెచ్చుకోకు. మీ బాల్కనీ నుంచి దిగే కంపుకి మా కొట్లో మనిషి నిలబడలేకపోతున్నాడు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు ఊపిరి బిగబట్టుకుని నిలబడుతున్నారు. పొట్టలన్నీ లోపలికి పోయి, కుట్టిన ప్రతి ప్యాంటూ బిగుతైపోతోంది."

భర్తకు నవ్వొచ్చింది. ఆమెకు మాత్రం తల కొట్టేసినట్టయింది. వెన్న ఒక పూట ముందు పాడవబోతోందంటే పసిగట్టిన మనిషి, తన చేతికింద ఇంత కుళ్లు పేరుకుంటుంటే తెలుసుకోలేకపోయింది. టైలరుకు చేతులు జోడించి పంపించి, బాల్కనీలోకి వెళ్లి డ్రమ్ముకు ఆనుకుని ఏడ్చింది.

"తీసి పారేద్దాం. నావల్ల కాదు" అంది కూతురితో.

మర్నాడు ఆమె పనినుంచి వచ్చేసరికి అత్తగారు బాల్కనీలో పీట వేసుకుని డ్రమ్ము పక్కనే కూర్చుని ఉంది.

ఆ అత్తాకోడళ్లు ఉప్పూ నిప్పూ కాదు, అలాగని పాలూ నీళ్లూ కాదు. ఏళ్ల తరబడి ఒకే వంటింట్లో తిరిగినా, అవసరానికి తప్ప మాట్లాడుకునేవాళ్లు కారు. అత్తగారు ఒకప్పుడు పెద్దాసుపత్రిలో బట్టలుతికే చోట పనిచేసి, అక్కడే తల నెరిసిన మనిషి.

"మూత తియ్యి" అంది ఆవిడ. "వాసన నేను చూస్తా. పని నువ్వు చెయ్యి."

"మీకెందుకత్తయ్యా ఈ కంపు?"

"నీ ముక్కు వచ్చేదాకా నాది అరువిస్తున్నా అనుకో. తియ్యమంటుంటే!"

మూత తీసింది. అత్తగారు వంగి, ఒక్క పీల్పు పీల్చి, మొహం అష్టవంకర్లు తిప్పింది.

"తడి దుప్పట్లు మూటగట్టి మర్చిపోతే వస్తుంది చూడు, ఆ వాసన. సెలవు తర్వాత తలుపు తీస్తే మా గదిలో ఇదే. గాలి ఆడట్లేదు దీనికి."

కూతురు చదివి చెప్పింది కూడా అదే, తడి ఎక్కువై గాలి తగ్గితే కుళ్లుతుందని. ఆ సాయంత్రం తండ్రి కార్ఖానా నుంచి సంచీడు రంపపు పొట్టు తెచ్చాడు. ప్లైవుడ్‌ది జిగురుంటుందని వదిలేసి, ఉత్త చెక్కది ఏరి మరీ తెచ్చాడు. కూతురు వీధి చివరి చెట్లకింద ఎండుటాకులు ఊడ్చుకొచ్చింది. ఆమె అడుగుదాకా కర్ర దించి కలిపింది.

అప్పటినుంచి అదే వాళ్లిద్దరి కాలక్షేపమైంది. "ఇవాళ ఎలా ఉందత్తయ్యా?" అని కోడలు అడగడం, ఆవిడ వాసనకు మాట వెతకడం.

"కుళ్లు పోయింది. పుల్లగా ఉంది. పసిపిల్ల పాలు కక్కిన జుబ్బాలా."

"ఇవాళ?"

"ఇవాళ ముక్కులో సూదిలా గుచ్చుతోంది. ఆసుపత్రిలో పక్క తడిపిన దుప్పటి ఇలాగే ఉండేది. పొట్టు ఇంకో రెండు గుప్పిళ్లు వెయ్యి."

ఆవిడ చెబుతుంటే కోడలు కళ్లు మూసుకుని, ఆ వాసన ఒకప్పుడు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకునేది. డాక్టరు చెప్పిన పని అదేనని ఆమెకు తట్టనే లేదు. నిమ్మతొక్కతో కుదరనిది అత్తగారి మాటతో కుదిరింది.

వాసన వెంబడి ఆవిడ బతుకంతా బయటికొచ్చింది. మొదటి జీతంతో కొనుక్కున్న సబ్బు. పురిటి వార్డు దుప్పట్లు. ఒకరోజు మామగారి ప్రస్తావన వచ్చింది. ఆయన ప్రెస్సులో అచ్చు పనిచేసేవాడు, చొక్కాలన్నీ సిరా వాసన వేసేవి.

"ఆయన పోయాక ఒక చొక్కా ఉతక్కుండా దాచుకున్నా. లోకం బట్టలన్నీ ఉతికినదాన్ని, ఆ ఒక్కటీ ఉతకలేదు. అప్పుడప్పుడూ తీసి మొహానికి ఆనించుకునేదాన్ని. ఒకరోజు ఆనిస్తే ఏం లేదు. ఉత్త గుడ్డ. ఆ రోజు ఉతికేశా." ఆవిడ కోడలి వైపు తిరిగింది. "నీకు ఏం పోయిందో నాకు కొంచెం తెలుసమ్మా."

కోడలు కర్ర పక్కన పెట్టి ఆవిడ చెయ్యి పట్టుకుంది. జ్వరం తగ్గిన ఇన్నాళ్లకు తన బాధకు ఒక సాక్షి దొరికినట్టనిపించింది.

ఎండలు ముదిరాయి. డ్రమ్ములో సరుకు నల్లబడి, పొడిపొడిగా రాలుతోంది. ఆ రోజు అత్తగారు మాత్రం ఎర్రటి ముక్కుతో, మెడ చుట్టూ గుడ్డ చుట్టుకుని వచ్చి పీట మీద చతికిలబడింది.

"జలుబు. ఇవాళ నా ముక్కూ సెలవు పెట్టింది. రేపు చూద్దాంలే."

సరేనని కోడలు అలవాటుగా మూత తీసి, కర్ర దించి, అడుగునున్నది పైకి తిప్పింది. అలా వంగినప్పుడు ఏదో సన్నగా తగిలింది. కర్ర పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. మళ్లీ పీల్చింది. లేదు. మళ్లీ. ఉంది!

"అత్తయ్యా… మట్టి."

"ఏంటి?"

"మట్టి వాసన వస్తోంది. వాన పడ్డాక వస్తుందే, అది."

అత్తగారు లేచి డ్రమ్ములో తలపెట్టి గట్టిగా ఎగపీల్చింది. ముక్కు గురగురలాడింది తప్ప ఏమీ తెలియలేదు. "నా దిక్కుమాలిన ముక్కు! ఇన్నాళ్లూ లేని జలుబు ఇవాళే రావాలా? నిజంగానే వస్తోందా, నీ భ్రమా?"

ఇంట్లో ఇంకెవరూ లేరు. ఆమె గుప్పెడు ఎరువు పట్టుకుని, చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగి టైలరు కొట్లోకి దూసుకెళ్లింది.

"అన్నయ్యా, ఇది వాసన చూసి ఏంటో చెప్పండి. నేను చెప్పను."

టైలరు కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. "అమ్మా తల్లీ, ఏదో అన్నాననుకో, దానికి ఇంత కక్షా!"

"ఒక్కసారి. మీకు పుణ్యముంటుంది."

ఆయన కళ్లు గట్టిగా మూసుకుని, ఉరికంబం ఎక్కేవాడిలా మొహం ముందుకు చాపాడు. చిన్నగా పీల్చాడు. కళ్లు తెరిచి ఈసారి కాస్త ఎక్కువ పీల్చాడు.

"మట్టేగా? తడి మట్టి. చినుకు పడినప్పటిలా… బాగానే ఉంది కదమ్మా! ఏడుస్తావేం?"

ఆమె గుమ్మంలోనే కూలబడి, నల్లబడ్డ చేతులతోనే కళ్లు తుడుచుకుంది. మొహమంతా మట్టి. మెట్లమీద గోడ పట్టుకుని దిగుతున్న అత్తగారు పైనుంచే అరిచింది, "ఏమన్నాడే?"

"మట్టేనంట అత్తయ్యా!"

కొలతలివ్వడానికి వచ్చిన, ముక్కూ మొహం తెలియని ఇద్దరు ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తూ నవ్వుతున్న ఆ ఆడవాళ్లను చూసి నోరెళ్లబెట్టారు. టైలరు మాత్రం సంగతి విన్నాక తన కిటికీలోని గులాబీ కుండీ తెచ్చి ముందు పెట్టి, "ఆ గుప్పెడూ ఇందులో వెయ్యి. నీది మంచి చెయ్యి" అన్నాడు.

ముక్కు మొత్తం ఒక్కరోజులో తిరిగి రాలేదు. వచ్చినవి కూడా తిన్నగా రాలేదు. కొన్నాళ్లు సబ్బు కిరోసిన్‌లా, కాఫీ కాలిన రబ్బరులా తగిలాయి. కూతురి జుట్టు వాసన తిరిగొచ్చిన పూట ఆమె ఆ పిల్లను వదల్లేదు, కాలేజీకి ఆలస్యమైందని పిల్ల మొత్తుకున్నా. బ్రెడ్డు వాసన అన్నిటికంటే ఆలస్యంగా, వానలు మొదలయ్యాక వచ్చింది. యజమాని ఆమెను మళ్లీ ఓవెన్ దగ్గర నిలబెట్టాడు. ఇప్పుడు ఆమె గాలి పీల్చినా, ఎందుకైనా మంచిదని పుల్ల కూడా గుచ్చి చూస్తుంది. అందులో చిన్నతనమేమీ ఆమెకు కనిపించదు.

డ్రమ్ము పక్కకు ఇంకో డ్రమ్ము వచ్చింది. టైలరు ఇంటి తొక్కలు, ఎదురింటివాళ్ల తొక్కలు కూడా పైకే ఎక్కుతున్నాయి. చెత్త కొండ తమవల్ల తరిగిపోతుందని ఆ ఇంట్లో ఎవరూ అనుకోవడం లేదు. తమ సంచీ మాత్రం అక్కడికి ఇదివరకటిలా బరువుగా వెళ్లడం లేదు, అంతే.

ఒక సెలవురోజు పొద్దున్నే ఆమె అత్తగారిని వెంటబెట్టుకుని బేకరీకి వెళ్లింది. ఇన్నేళ్లలో ఆవిడ అక్కడికి రావడం అదే మొదలు. ఓవెన్‌కు ఎదురుగా కుర్చీ వేసి కూర్చోబెట్టి, తలుపు తెరిచింది. వేడీ వాసనా ఒక్కసారిగా గదంతా పరుచుకున్నాయి. ఆవిడ కళ్లు మూసుకుని గుండెల నిండా పీల్చింది.

"ఎలా ఉందత్తయ్యా?"

ఎన్నో వాసనలకు ఎన్నో మాటలు వెతికిన మనిషికి ఈసారి ఏ మాటా దొరకలేదు. తల అడ్డంగా ఊపి, నవ్వింది. కోడలు వేడి బన్ను ఒకటి తుంచి, ఆవిరి పోయేలా ఊది, సగం ఆవిడ చేతిలో పెట్టి, మిగతా సగం పట్టుకుని పక్కనే నేలమీద కూర్చుంది.