ఒంటిగంటన్నరకు ఒక్క లాగిన్

మేడ్చల్‌లో మా విత్తనాల కంపెనీ స్టాకు, పరీక్షలు, బిల్లులు అన్నీ నడిచే సర్వర్ ముసలిదైపోయింది. కొత్తది ఎంత పెద్దది కావాలో తేల్చే పని యజమాని నాకు అప్పగించారు. నేను స్టోర్స్ మనిషిని. కంప్యూటరు చూసి నేర్చుకున్నదే తప్ప చదివి నేర్చుకున్నది కాదు. అమ్మేవాళ్లు హాజరు పట్టీ చూసి, ముప్పై ఎనిమిది మందికి సరిపోయే యంత్రం రాసిచ్చారు. నాకది నచ్చలేదు. పెళ్లికి వెయ్యి మంది వచ్చినా, బంతికి ఎందరు కూర్చుంటారో చూసే కదా విస్తళ్లు వేస్తాం.

వారం రోజులు పావుగంటకోసారి తెర చూసి, ఎందరు లోపల ఉన్నారో నోటుబుక్కులో రాసుకోవాలని కూర్చున్నాను. ఉదయం పదకొండుకు పద్నాలుగు మంది. అంతకు మించలేదు. సీజను కోసం అందులో సగం కలిపితే ఇరవై ఒకటి. ఆ మాత్రం యంత్రం చాలు.

ఒంటిగంటన్నరకు అందరూ టిఫిన్ డబ్బాలు విప్పుకుంటారు కాబట్టి సున్నా రావాలి. ఒకటి వచ్చింది. సోమవారం ఒకటి, మంగళవారం ఒకటి, బుధవారమూ ఒకటి. పేరు తెరిచి చూశాను. మొలక పరీక్షల గదిని ఇరవై ఏళ్లు నడిపిన సారుది. వానాకాలం మొదట్లో ఆయన సమాధి మీద మట్టి వేసిన వాళ్లలో నేనూ ఒకణ్ని.

ఆ పేరు మీద ఎక్కుతున్నవి పోనీ పిచ్చి అంకెలా అంటే కాదు. శామీర్‌పేట గోదాము సరుకు, నూరు గింజలకు మొలిచినవి తొంభై ఒకటి, ఎనభై తొమ్మిది. అంకె చివర ఆయన పెట్టే చుక్కతో సహా. నెలల తరబడి ఆ రిపోర్టులు మా చేతుల మీదుగానే పోయాయి. అందరం అంకె చూశాం. కింద పేరు ఎవరూ చూడలేదు, నేనూ చూడలేదు.

గురువారం అదే వేళకు ఆ గది దగ్గరికి వెళ్లాను. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల గొంతు వినిపించింది.

"లాభం... రెండు... మూడు..."

ధాన్యం కొలిచేవాళ్లు ఒకటిని లాభం అంటారు. రైతుబిడ్డ అయిన సారు మొలకలనూ అలాగే లెక్కపెట్టేవారు. గొంతు ఆయనదే. మధ్యలో వచ్చే పొడి దగ్గూ ఆయనదే. తలుపు తోశాను.

ఆయన దగ్గర పన్నెండేళ్లుగా పళ్లేలు కడిగి, గింజలు పరిచిన సహాయకురాలు ఒక్కతే ఉంది.

"చెల్లె, ఎవరి పేరు మీద కొడుతున్నవ్?"

"సారు పేరు మీదనే అన్నా. నాకు లాగిన్ యాడిది? పదో తరగతి దాన్ని. రిపోర్టు మీద నా పేరుంటే ఎవలు నమ్ముతరు?"

"మరి ఆ గొంతేంది?"

ఆమె తల వంచుకుంది. "నేను లెక్కవెడితే తప్పుతది అన్నా. సారు లెక్కవెడతడు. నేను కొడత, గంతే."

కొత్త యంత్రంలోకి నేను రాసిచ్చిన పేర్లే వెళతాయి. సారు పేరు రాస్తే ఎవరికీ తెలియదు. భోజనాల వేళ వచ్చే ఒక్కరితో యంత్రం సైజు మారదు. రాయకపోతే ఆమె చేసింది బయటపడుతుంది, ఉద్యోగం పోతుంది. కానీ ఆ అంకెను నమ్మే కదా రైతు గింజ నాటేది. యజమానికి చెప్పేశాను.

ఆయన కోస్తా మనిషి. నెమ్మదిగా మాట్లాడతారు. "పోయినాయన పేరు మీద ఇన్నాళ్లూ సరుకు పంపామాండీ మనం?"

"లెక్క తప్పు కాదనుకుంట సార్."

"అనుకుంటే ఎలాగండీ? రేపు నా ఎదురుగా ఆవిడ ఒక పళ్లెం లెక్కపెట్టాలి, సొంత పేరు మీద. విడిగా మీరూ పెట్టండి. రెండూ కలిస్తే ఆవిడ పేరు రాసుకోండి, పాత లాట్లన్నీ మళ్లీ పరీక్ష చేయిద్దాం. కలవకపోతే ఆవిడ ఇంటికే."

మర్నాడు నా లెక్క ముందే కాగితం మీద రాసి, మడిచి ఆయనకిచ్చాను. ఎనభై ఎనిమిది. జవహర్‌నగర్ నుంచి రెండు ఆటోలు మారి వచ్చిన ఆమె, ముఖం కడుక్కుని పళ్లెం ముందు కూర్చుంది.

"ఒకటి" అని ఆగింది. మళ్లీ "ఒకటి" అంది. పన్నెండేళ్లలో ఆ సన్నని గొంతు లెక్కపెట్టడం నేను వినలేదు. ముప్పై దాటాక లెక్క వేగం అందుకుంది. అరవై దగ్గర తప్పి మళ్లీ మొదటికి వచ్చింది. యజమాని గడియారం చూసుకున్నారు.

"ఎనభై ఎనిమిది."

ఆయన కాగితం విప్పి చూసి, నాకు చూపించారు. "కానివ్వమ్మా."

ఆమె అంకె కొట్టింది. సేవ్ మీట మీద వేలు ఆపి, ఎవరూ లేని పక్కకు తిరిగింది.

"నొక్కనా సారూ?"

యజమాని కసురుకుంటారనుకున్నాను. ఆయనా అటే చూస్తున్నారు. ముగ్గురం ఆగాం.

కాసేపటికి ఆమె సరేనన్నట్టు తల ఊపి, నొక్కింది.