కప్పతల్లికి దొరికిన గోండ్రుకప్ప

మా స్నానాల గాబు కింద ఒక గోండ్రుకప్ప ఉండేది. కుంటల్లో తిరిగే నున్నటి కప్ప కాదు. ఒళ్లంతా పులిపిర్లు, ఎండిన మట్టిబెడ్డ రంగు, పెద్దగా ఎగరలేక పొట్టి గెంతులు వేసే జాతి. పొద్దు వాలగానే బయటికొచ్చి వాకిట్లో దీపం కింద కూర్చునేది. నాలుక ఎప్పుడు బయటికొచ్చిందో కనపడేది కాదు, అక్కడున్న పురుగు మాత్రం మాయమయ్యేది. మింగేటప్పుడు కళ్లు రెండూ లోపలికి నొక్కుకునేది. ఒకసారి తన చర్మాన్ని తానే ఒలుచుకుని, బనీను విప్పినట్టు తలమీంచి లాగి, నోట్లో కుక్కుకుని మింగింది. మా వీధి కుక్క దాన్ని ఒకసారి నోట కరిచింది. వెంటనే వదిలేసి, నోటినిండా నురగలతో గోడకేసి మూతి రాసుకుంటూ ఏడ్చింది. కప్ప కళ్ల వెనక ఉన్న ఉబ్బుల్లోంచి తెల్లటి పాలు కారడం అప్పుడే చూశాను.

నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. మొన్నీమధ్య మనవడి పుస్తకంలో ఈ కప్ప బొమ్మ కనపడితే కింద ఉన్నది కూడబలుక్కుని చదివాను. రైతుకు మిత్రుడని, పురుగుల్ని తింటుందని, ఎవరైనా పట్టుకుంటే విషం వదులుతుందని రాశారు. అన్నీ నిజాలే. మేం దాన్ని రోకలికి కట్టిన సంగతి అందులో లేదు కాబట్టి నేను రాస్తున్నాను.

రెండువేలు దాటిన తొలి ఏళ్లలో ఒక ఏడు, అద్దంకి వైపు మా ఊళ్లో పత్తి గింజలు రెండుసార్లు వేసినా మొలకలు మాడిపోయాయి. కూలి పనులు లేవు. ఆదివారం చర్చిలో వాన కోసం మా పేటంతా మోకరించాం. సోమవారం ఆడవాళ్లందరూ కలిసి కప్పతల్లిని ఎత్తుదామన్నారు. కప్పను వేపమండల్లో పెట్టి రోకలి నడుమ కడతారు. ఆ రోకలిని ఇద్దరు భుజాల మీద మోస్తూ గడప గడపకీ తీసుకెళితే ఇల్లాళ్లు బిందెలతో నీళ్లు పోస్తారు. కప్ప తడిస్తే ఊరు తడుస్తుందని నమ్మకం. ఆఖర్న కప్పను వదిలేస్తారు.

కుంటలన్నీ ఎండిపోవడంతో ఆ ఏడు ఒక్క మంచి కప్ప దొరకలేదు. మా అత్త గాబు కింద చెయ్యి పెట్టింది.

"అది వద్దత్తా, దానికి విషం కారుద్ది," అన్నాను.

"కప్ప కప్పేనే. వానదేవుడొచ్చి దీని కులం అడుగుతాడా ఏంటి?" అంది. అందరూ నవ్వారు.

పురికొసతో బిగించి కట్టారు. కప్ప గాలి పీల్చి ఉబ్బింది. ఉబ్బేకొద్దీ తాడు దాని ఒంట్లోకి దిగింది. రోకలి ముందు కొస మా అత్త, వెనక కొస మా ఎనిమిదేళ్ల కూతురు ఎత్తుకున్నారు. పిల్ల పొట్టిది కావడంతో రోకలి దానివైపు వాలింది. నేను డప్పు వెనకాల నడిచాను.

మేం కూలికెళ్లే ఆసామి ఇంటి ముందు ఆయన భార్య నిండు బిందె కప్ప మీద గుమ్మరించింది. కప్ప ఉబ్బుల్లోంచి కారిన పాలు కలిసిన నీళ్లు రోకలి వెంట జారి పిల్ల మొహాన పడ్డాయి.  పిల్ల రోకలి వదిలేసి, రెండు కళ్లూ పట్టుకుని, గొంతు చీరుకుపోయేలా కేక పెట్టింది. మట్టిలో పడి గిలగిలా కొట్టుకుంది.

"పూనింది! కప్పతల్లి పూనిందే!" అని ఎవరో అరిచారు.

డప్పు జోరందుకుంది. పిల్ల జుట్టు విరబోశారు. ఇద్దరు దాని చేతులు వెనక్కి విరిచి పట్టుకుంటే ఇంకొకామె మొహానికి పసుపు మెత్తింది. కళ్లు తుడుచుకోవడానికి చేతుల్లేక పిల్ల తల నేలకేసి బాదుకుంది.

"చెప్పు తల్లీ, వానెప్పుడిస్తావు?" అని ఆసామి భార్య దండం పెట్టింది.

"కళ్లు మండుతున్నయ్యే అమ్మా!"

"తల్లి కళ్లు మండుతున్నయ్యంట! కోపంగా ఉంది. మండలతో కొట్టండే, దిగొచ్చి చెప్పుద్ది," అంది మా అత్త. అంటూనే వేపమండ ఝాడించి పిల్ల వీపు మీద వేసింది.

"పూనకం కాదు, విషం! వదలండే!" అని అరుస్తూ తోసుకెళ్లాను. డప్పు మోతలో ఎవరికీ వినపడలేదు. అత్త జుట్టు పట్టి లాగాను. ఆమె మోచేత్తో నా మూతి మీద పొడిచింది. పెదవి చిట్లి నోరంతా నెత్తురైంది. కింద పడ్డ రోకలి తీసి గిర్రున తిప్పాను. ఒకామె మోకాలికి తగిలింది. డప్పు పగిలింది. కప్ప గడపరాయికి కొట్టుకుని చితికింది. అప్పుడు గానీ అందరూ వెనక్కి జరగలేదు.

అరుగు మీద ఇంకో బిందె ఉంది. పిల్లను ఒళ్లో వేసుకుని, రెప్పలు వేళ్లతో విడదీసి నీళ్లు పోశాను.

"అవి మేం తాగే నీళ్లు! ఎట్టా ముట్టుకున్నావే?" అని ఆసామి భార్య కేకేసింది.

"దీని కళ్లు పోతే నీ కళ్లు పీకుతా!" అన్నాను. బిందె ఖాళీ అయ్యేదాకా పోస్తూనే ఉన్నాను.

"పొద్దుపోయిందా అమ్మా? ఏం కనపట్టంలా," అంది పిల్ల. ఎండ నడినెత్తిన ఉంది.

అద్దంకిలో డాక్టరు మళ్లీ కళ్లు కడిగి, మందు వేసి, రెండింటికీ కట్లు కట్టాడు. చూపు సంగతి కట్టు విప్పాకే తెలుస్తుందన్నాడు.

ఈలోగా ఊరు గోండ్రుకప్పల మీద పడింది. వాన సంగతి చెప్పకుండా కప్పతల్లి నోరు నేను నొక్కేశానని కొందరు, పిల్ల కళ్లు కప్ప తీసిందని కొందరు అన్నారు. మా మరిది గునపంతో గాబును పడదోసి, దాని కింద ఇంకా దాక్కున్న కప్పల్ని పొడిచాడు. కుండల అడుగున, గడ్డివాముల కింద, మిరప కళ్లాల పక్కన దొరికినవాటినల్లా రాళ్లతో చితక్కొట్టి గట్టు మీద కుప్ప పోశారు. కాకులు వాటిని వెల్లకిలా తిప్పి, వీపు ముట్టకుండా, పొట్ట చీల్చి తిన్నాయి. ఆలస్యంగా వాన పడ్డాక కూడా కప్పల అరుపు వినపడలేదు. లద్దెపురుగు విరగబడి అక్కడక్కడా బతికిన పత్తిని కొరికేసింది. మందు మీద మందు కొట్టారు. మందు తగిలిన పురుగుల్ని మింగి, చావగా మిగిలిన ఒకటీ అరా కప్పలు చాళ్లలో కాళ్లు చాపేశాయి. వాన పడటం, పురుగు పడటం తర్వాతి మాట.

కట్టు విప్పే రోజు మా అత్త పిలవకుండానే వెనకాల వచ్చి తలుపు దగ్గర నిలబడింది. డాక్టరు తడి దూదితో పుసి తుడిచాడు. లోపల కళ్లు పండుమిరపకాయల్లా ఉన్నాయి. పిల్ల రెప్పలు కొట్టింది. నా మొహం వైపు తిరిగింది. 

"నీ మూతేంటమ్మా అట్టా వాచింది?" అంది పిల్ల.

 మా అత్త దగ్గరికొచ్చింది.

"నేనే కొట్టాన్లే అమ్మాయ్. ఇంకా చూడు. ఏమేం కనపడతన్నయ్యో చెప్పు నాయనమ్మకి."

"నువ్వు కనపడతన్నావు," అని పిల్ల మొహం తిప్పేసి నా పొట్టలో దాచుకుంది.