చూరు కింద పద్నాలుగు కన్నాలు

మైనం ఎంత వేడికి మెత్తబడుతుందో నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. చీపురుపల్లిలో మా అత్త వాయించే వీణ దగ్గర తెలుసుకున్నాను.

అత్త అంటే మా మేనమావ భార్య. ఇంట్లోనే వీణ నేర్పుతుంది. వీణ మెట్లన్నీ మైనంలోనే నిలబడి ఉంటాయి. నిరుడు రోహిణి కార్తెలో పాఠం గది ఎంత కాగిందంటే, మైనం మెత్తబడి మెట్లు ఒరిగిపోయాయి. బొబ్బిలి నుంచి మనిషిని పిలిపించి నాలుగు వీణలకూ మేళం, అంటే మెట్ల వరస, మళ్లీ కట్టించాల్సి వచ్చింది.

"ఈ ఏడు కూడా అలాగైతే పాఠాలు మానేస్తాన్రా" అంది అత్త.

"వానలు పడ్డాక మళ్లీ మొదలెట్టొచ్చు కదా అత్తా?"

"రెండు నెలలాగిన సెయ్యి మళ్లీ తీగె మీదకి రాదు. అందరూ పెళ్లయి పిల్లలున్నోళ్లు. ఓపాలి మానేస్తే మరి రారు. నేనూ అంతే."

ఆ చివరి మాట ఆవిడ చాలా మామూలుగా అంది. అందుకే నాకు భయం వేసింది.

నేను ఇంజినీరుగా ఉద్యోగం చేసేది శ్రీకాకుళంలో. మార్చిలో ఒక ఆదివారం థర్మామీటరు, టేపు, నోటుపుస్తకం సంచిలో వేసుకుని బండి మీద బయలుదేరాను. మధ్యాహ్నం కర్రకి థర్మామీటరు కట్టి అటక తలుపులోంచి పైకెత్తి చూశాను. గది కన్నా అటక పన్నెండు డిగ్రీలు ఎక్కువ ఉంది. కారణం అడిగితే మావే చెప్పాడు. ఒక తుఫానుకి పెంకులన్నీ లేచిపోతే వాటి బదులు రేకులు వేయించాడట. మళ్లీ గాలి దూరకుండా గోడకీ రేకుకీ మధ్య సందులన్నీ ఇటుక పెట్టి, సిమెంటుతో మూయించేశాడట. అంటే రేకు కాగుతుంది, దాని కింద గాలి కాగుతుంది, ఆ గాలి పోవడానికి ఎటూ దారి లేదు. ఆ వేడంతా అటక పలకల్లోంచి కిందికి దిగి వీణల మీద పడుతోంది.

పుస్తకంలో రాసుకున్నాను. ఒకటి: చల్లగాలి రావడానికి చూరు కింద, వాసానికీ వాసానికీ మధ్య ఒక్కో కన్నం, అటు ఏడు, ఇటు ఏడు. రెండు: వేడిగాలి పోవడానికి రెండు పక్కలా త్రికోణపు గోడల్లో, శిఖరానికి దగ్గరగా ఒక్కో జాలీ. వచ్చే దారి పోయే దారి కన్నా చిన్నది కాకూడదు. రెండిట్లో ఏది లేకపోయినా మిగతాది దండగే. మూడు: వాన జల్లు పడకుండా కిందికి వాలిన రెక్కలు, ఉడతలు దూరకుండా ఇనప వల. నాలుగు: అటక లోపల పరిశీలన.

ఇదంతా చదివి వినిపిస్తే మావ లేచి నిలబడ్డాడు.

"ఒరే, గాలి రాకూడదనే కదా సిమెంటెట్టించినాను! నువ్వొచ్చి నా ఇంటికి పద్నాలుగు కన్నాలెడతానంతన్నావేటి? మళ్లీ రేకులెగిరిపోతే ఎవుల్ది పూచీ?"

"నాదే మావా. రేకుని పట్టుకునేది సిమెంటు కాదు, కొక్కేలు. వాటిని ముందు బిగిద్దాం. వదులైనవి మార్చేద్దాం."

"మారిస్తే?"

"మార్చాక కన్నాలు."

"ఇంజినీరు కాదురా నువ్వు, దొంగవి" అన్నాడు గాని నిచ్చెన ఆయనే తెచ్చాడు.

తర్వాతి ఆదివారం తాపీమేస్త్రి వచ్చాడు. ముందు కొక్కేలు బిగించాం. మావ ఒక్కొక్కటీ తనే లాగి చూసుకున్నాడు. తర్వాత మేస్త్రి సిమెంటు పగలగొట్టడం, నేను చట్రం పెట్టి వల బిగించడం. శిఖరం దగ్గర జాలీలూ పెట్టేశాం. సాయంత్రం దాకా సాగుతుందనుకున్న పని మధ్యాహ్నం రెండింటికే అయిపోయింది. నా లెక్క ప్రకారం, అగరుబత్తి వెలిగించి చూరు కింద పట్టుకుంటే పొగ లోపలికి పోవాలి. వీధిలో నలుగురు చూస్తుండగా నిచ్చెనెక్కి పట్టుకున్నాను. పొగ నా ముక్కులోకి వచ్చింది. ఇంకో కన్నం దగ్గర పట్టుకున్నాను. అక్కడా అంతే.

కింద నుంచి అత్త అడిగింది. "ఏటి అల్లుడూ, పూజ సేస్తన్నావా?"

నవ్వనివాడు మేస్త్రి ఒక్కడే. ఆయన వల సందులోంచి కన్నంలోకి వేలు పెట్టి, "బాబూ, ఇక్కడేటో నున్నగా తగుల్తంది. ఇత్తడిలాగుంది" అన్నాడు.

నా జాబితాలో నాలుగో అంశం నేను చెయ్యలేదు. అటక మరీ వేడిగా ఉందని, అన్ని కొలతలూ బయట నుంచే తీసుకున్నాను. లోపలికి పాక్కుంటూ వెళ్లి చూస్తే గంగాళాలు! మావ వాళ్ల అటక ఆ వీధికంతటికీ పెళ్లిసామాను గది. ఎవరింట్లో శుభకార్యమైనా గంగాళాలు, గుండిగలు ఇక్కడి నుంచే వెళ్తాయి. తిరిగి తెచ్చినవాళ్లు పైకెక్కి, నడవడానికి అడ్డం లేకుండా, రేకు వాలిన మూలకి తోసేస్తారు. రెండు వైపులా వరసగా గంగాళాల అడుగులు నా కన్నాలకి ఆనుకుని ఉన్నాయి, మూతలు బిగించినట్టు.

కిందికి దిగి విషయం చెప్పాను. అత్త కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. "గాలికి దారెట్టి, గంగాళం అడ్డెట్టుకున్న మొనగాడివి నువ్వేరా!"

మూడింటి పాఠానికి వచ్చిన ఆడవాళ్లు వీణలు పక్కన పెట్టి కొంగులు బిగించారు. నేను పై నుంచి అందిస్తుంటే వాళ్లు వరసగా నిలబడి చేతులు మార్చుకుంటూ వాకిట్లోకి చేర్చారు. "ఇది మా ఆడపడుచు పెళ్లికి తీసుకెళ్లింది", "ఈ సొట్ట మా ఆయన పుణ్యమే" అని ఒక్కో గంగాళానికీ ఒక్కో కథ. వాకిలి నిండా ఇత్తడే. పెళ్లెవరికని దారిన పోయేవాళ్లు ఆగి అడిగారు. "మా అటకకి" అన్నాడు మావ.

రెండు వైపులా చూరుకి మూరెడు దూరంలో అడ్డకర్రలు కొట్టాను. ఇక ఎవరెంత తోసినా సామాను కన్నాల దాకా రాదు. అన్నీ మళ్లీ పైకి చేర్చాక, ఈసారి నిచ్చెన మావ ఎక్కాడు. అగరుబత్తి పట్టుకున్నాడు. పొగ ఒక్క క్షణం తటపటాయించి, మెడ వంచి, సన్నటి దారంలా లోపలికి వెళ్లిపోయింది.

"పోతన్నాదిరా!" అని ఆయన వేసిన కేక రైలు స్టేషను దాకా వినబడి ఉంటుంది. పద్నాలుగు కన్నాల దగ్గరా పట్టి చూశాక గాని దిగలేదు.

రోహిణి కార్తెలో సెలవు పెట్టి మరీ వెళ్లాను. మధ్యాహ్నం రెండున్నర. గది చల్లగా ఉందని చెప్పను, ఉక్కగానే ఉంది. అటకకీ గదికీ తేడా మూడు డిగ్రీలకి దిగింది. ఆ సంగతి చెప్పబోతే అత్త చెయ్యెత్తి ఆపింది. ఒక వీణ ముందు కూర్చుని బొటనవేలితో ఒక్కో మెట్టునీ పక్కకి నెట్టి చూసుకుంటూ పోయింది. ఇరవై నాలుగు మెట్లూ అయ్యాయి. ఒక్కటీ కదల్లేదు.

"ఏటలా నిలబడిపోయినావు? పక్కకి జరుగు, ఆళ్లు కూర్చోవాల" అంది అత్త. శిష్యురాళ్లు నలుగురూ లోపలికి వచ్చి వీణలు ఒళ్లోకి తీసుకున్నారు. నేను గుమ్మంలోకి జరిగాను. అత్త చేత్తో తాళం వేసింది, పాఠం మొదలైంది.