సమాధి పక్కన పచ్చిక

నా చిన్నప్పుడు, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మేము ఇండియాకు దూరంగా, విదేశంలో లోవర్ హట్ అనే ఊళ్లో ఉండేవాళ్లం. మా అమ్మ ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ పడిన శనివారాల్లో నన్ను పక్కింటి ఆంటీ దగ్గర వదిలి రైలెక్కేది. ఆంటీ వాళ్లది చైనా కుటుంబమే గాని ఆవిడ పుట్టి పెరిగిందంతా ఇక్కడే. ఇల్లు అద్దంలా ఉంచుకునేది. కాళ్లు తుడుచుకోకుండా వస్తే నన్ను మళ్లీ గుమ్మం దాకా నడిపించేది.

హాల్లో గోడ మీద ఆవిడ తాత, నాన్నమ్మల ఫోటో ఉండేది. మధ్యన చిన్న బల్ల, చెరో కుర్చీలో బిగుసుకుపోయిన ఇద్దరు. తాత కూరగాయలు పండించడానికి వచ్చాడట. ఆ రోజుల్లో ఇక్కడి చట్టాల వల్ల చైనావాళ్లు భార్యలను తెచ్చుకోవడం గగనమే. అయినా నాన్నమ్మ వచ్చిందని, ఇక్కడే చనిపోయి, తాత పక్కనే మట్టిలో ఉందని ఆంటీ నాన్న చెప్పేవాడు. తాత సమాధి పక్కనున్న పచ్చిక మీద రాయి లేదు. ఏటా ఏప్రిల్‌లో పెద్దలను తలుచుకునే పండుగకు తండ్రీకూతుళ్లు వెళ్లి, రెండుచోట్లా కలుపు తీసి, నారింజలు పెట్టి, టీ పోసి వచ్చేవారు. అచ్చం మన క్రైస్తవుల సమాధుల పండుగే అనేది అమ్మ.

ఒక వేసవిలో ఆంటీ నాన్న పోయాడు. నాన్నమ్మకు ఇప్పుడైనా రాయి వేయించి, దాని మీద ఆమె ఫోటో పెట్టించాలని ఆంటీ పట్టుబట్టింది. ఒక శనివారం ఫోటో దింపి ఫ్రేము విప్పింది. దగ్గరగా చూస్తే బల్ల నడిమధ్యన సన్నని అతుకు. తాత కాళ్ల కింద గళ్ల నేల, నాన్నమ్మ కాళ్ల కింద పువ్వుల తివాచీ. ఎక్కడెక్కడో తీసిన రెండు ఫోటోలను ఎవరో కలిపారు. ఇన్నేళ్లూ ఎవరూ పట్టించుకోలేదు.

అట్ట వెనక ఇంకో చిన్న ఫోటో దొరికింది. చైనాలో వాళ్ల ఊరి పెంకుటిళ్లు, ముందు కొత్త మట్టిదిబ్బ, దాని పక్కన తలకు తెల్లగుడ్డ కట్టుకున్న పిల్లవాడు. ఆ పెద్ద చెవులు చూడగానే అది తన తండ్రేనని ఆంటీకి తెలిసిపోయింది. తల్లో తండ్రో పోతే అలా కడతారని నాకు చెప్పింది. తాత అప్పటికే ఇక్కడున్నాడు. అంటే ఆ దిబ్బ నాన్నమ్మదే. ఆమె ఈ దేశంలో అడుగే పెట్టలేదు. ఆమెను మట్టిలో పెట్టాకే పిల్లవాణ్ణి తండ్రి దగ్గరకు ఓడెక్కించారు. ఇన్నేళ్లూ ఉత్త గడ్డికి దండం పెట్టానని ఆంటీ వెక్కి వెక్కి ఏడ్చింది. పెద్దవాళ్లు అలా ఏడవడం నేను అంతవరకు చూడలేదు. నాకు భయం వేసింది.

రాయి మాట మళ్లీ ఎత్తలేదు. ఏప్రిల్ వచ్చినా ఇక వెళ్లదనుకున్నాం. కానీ ఆవిడ నారింజలు కొని, అమ్మనూ నన్నూ కారెక్కించుకుంది. తాత దగ్గరా తండ్రి దగ్గరా పని అయ్యాక, మోకాళ్ల మీద కూర్చుని ఆ పచ్చికలోనూ కలుపు ఏరసాగింది. అక్కడెవరూ లేరు కదా ఆంటీ అని అడిగేశాను. అమ్మ నా చెయ్యి గిల్లింది.

"లేరమ్మా," అంది ఆంటీ తలెత్తకుండానే. "కానీ వాళ్లమ్మ కోసం ఏడవడానికి మా నాన్నకు ఇంకో చోటు లేదు కదా."

మా అమ్మమ్మ పోయినప్పుడు అమ్మ ఇండియాకు వెళ్లలేకపోయింది. ఆంటీ మాట వినగానే తనూ ఆవిడ పక్కన కూర్చుని గడ్డి పీకింది.

ఇప్పుడు నా జుట్టులోనూ ఒకటీ రెండూ తెల్లవెంట్రుకలు. పోయినవాళ్ల గురించి ఎవరైనా పొంతన లేని మాటలు చెబితే తరచి అడగను. నాన్నమ్మ ఇక్కడే ఉందన్నది, తల్లిని అంత దూరాన వదిలి వచ్చిన ఒక పిల్లవాడు పెద్దయ్యాక తన కూతురికి చెప్పిన మాట. దాన్ని అబద్ధమనడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు.