ఫిన్లాండ్ కోసం సాంచలు ఆపిన మధ్యాహ్నం

మా కొత్త ఫ్రిజ్ మీద నాకొక ఫిర్యాదు ఉంది. అది బొత్తిగా చప్పుడు చేయదు. పనిచేస్తోందో లేదోనని ఊరికే తలుపు తీసి చూస్తుంటాను (పాడైతే ఆ తీయడం వల్లే పాడవుతుందని ఇంట్లో అంటారు).

డిగ్రీ చదివే కాలంలో నాకు నిశ్శబ్దం మీద ఇంత అనుమానం లేదు, పైగా గొప్ప నమ్మకం. ఏ దేశం ఎందుకు సంతోషంగా ఉందో కాలేజీలో మాట్లాడమన్నారు. సంతోషంగా ఉన్న దేశాల పట్టికలో ఫిన్లాండ్ పైన, మనం కిందెక్కడో. వీడియోలు చూస్తే అక్కడివాళ్ళు బస్సులో పక్కవాడితో కూడా మాట్లాడరు. కారణం దొరికిందనుకున్నాను. మేముండే భివండి మహారాష్ట్రలో మరమగ్గాల ఊరు, అక్కడ చప్పుడుకు మాత్రం ఎన్నడూ కొరత లేదు. ఒక దేశ సంస్కృతిని అర్థం చేసుకోవడానికి అప్పట్లో నాకు ఒక మధ్యాహ్నం చాలేది.

ఆ ఊళ్ళోనే నాగావ్‌లో మా పెద్దబాపు, అంటే నాన్న వాళ్ళ అన్న, కార్ఖానా ఉంది. కింద సాంచలు (మరమగ్గాలను మేమట్లాగే అంటాం), పైన ఇల్లు. "జర చూస్తుండు, ధామన్‌కర్ నాకా దాంక పోయొస్త" అని ఆయన ఆ కూడలి వైపు వెళ్ళగానే సాంచల మెయిన్ స్విచ్ దించాను. అన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఫిన్లాండ్ వచ్చింది. అర నిమిషం ఉంది.

నాకు తెలియనిదేమంటే, కరెంటు పోతే పైన పెద్దమ్మ ఫ్యాన్ కూడా ఆగుతుంది. ఫ్యాన్ తిరుగుతుండగా సాంచలు మాత్రమే ఆగాయంటే, కింద ఎవరో ఇరుక్కున్నట్టు. అంతకుముందు పెద్దబాపు వేళ్ళు పోయిననాడు అట్లాగే ఆగాయట.

పెద్దమ్మ పిండి చేతులతో మెట్లు దిగి వచ్చింది. అరవలేదు. సాంచలు నడిపే ఇద్దరు కారీగర్ల చేతులూ పట్టుకుని తిప్పి చూసింది, తర్వాత నావి.

"మీ పెద్దబాపు ఏడి?"

"నాకాకు పోయిండు పెద్దమ్మా."

"నాకు జెప్పకుంట ఎన్నడన్న పోయిండా? నిజం జెప్పు బిడ్డా."

వంగి ఒక్కో సాంచ కింద వెతకసాగింది. పెద్దబాపు గడప దాటడం నేను కళ్ళారా చూశాను. అయినా ఆమె వెనకాలే నేనూ వంగి చూశాను. ఆయన కనిపించకపోవడం అంత మంచి విషయమని నాకప్పుడు తోచలేదు.

చివరికి పెద్దబాపు పాన్ నములుతూ వచ్చాడు. ఆయన్ని చూడగానే పెద్దమ్మ నూలు బస్తా మీద కూలబడింది.

"ఎవడు బంద్ జేసిండు?" అన్నాడు ఆయన.

కారీగర్లు నన్ను చూపించలేదు. నావైపు చూడడం మాత్రం మానేశారు, అది సరిపోయింది.

"గా దేశంల గిట్లనే చప్పుడుండది పెద్దమ్మా. గందుకే అందరికంటె ఖుషీగ ఉంటరు" అని మొదలుపెట్టి, కాలేజీలో చెప్పాల్సిందంతా అక్కడే చెప్పేశాను. అటువంటి వేళ అంత వివరంగా మాట్లాడగలిగిన ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే ఇప్పుడు కాస్త జాలి, కాస్త నవ్వు వస్తాయి.

పెద్దమ్మ అంతా విన్నది.

"మరి ఆడ ఎవలకన్న ఏమన్న అయితే, ఇంట్ల ఆడోల్లకు ఎట్ల తెలుస్తది రా?"