చిత్తూరు బస్సులో ఆనపకాయ

ఒకటో తరగతి పిల్లల కోసం నేను రాసిన బొమ్మల అక్షరాల పుస్తకం అచ్చుకు సిద్ధమైంది. దాన్ని చివరిసారి దిద్దుకుంటూ తిరుపతి నుంచి చిత్తూరు బస్సులో వెళ్తున్నాను. మాది విజయనగరం. పక్క సీట్లో ఒక అవ్వ, ఆమె ఒళ్లో ఏడేళ్ల మనవరాలు, కాళ్ల దగ్గర చిక్కుడుకాయల్లాంటి కాయలున్న సంచి.

అవ్వ నా పుస్తకంలోకి తొంగిచూసి, మనవరాలితో చదివించింది.

"ఆ... ఆనపకాయ," అని చదివింది పాప.

"ఇది సొరకాయ కదమ్మా," అంది అవ్వ నాతో.

"మా వైపు దీన్నే ఆనపకాయ అంటామండీ."

ఆమె సంచిలోంచి ఒక కాయ తీసి నా అరచేతిలో పెట్టింది. నా వేలంత కూడా లేదు.

"సూడు, అనపకాయంటే ఇది. గింజలు నానబెట్టి, పితికి, పప్పు చేస్తాము. మీ ఊర్లో ఒక్క గింజ పితికితే వీధంతా తినొచ్చేమో."

ముందు సీటువాళ్లు వెనక్కి తిరిగి నవ్వారు. ఇన్నేళ్లుగా అక్షరాలు నేర్పుతున్న నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఈ పేజీని ఇక్కడి పిల్లలంతా తప్పంటారేమోనని దిగులు కూడా వేసింది.

అప్పటిదాకా బొమ్మనే చూస్తున్న పాప తీర్పు చెప్పింది. "అవ్వా, మనది ఉత్త అ. మేడమ్ దీర్ఘం ఇచ్చినారు. అందుకే కాయ అంత పొడుగైంది."

చిత్తూరులో దిగగానే బొమ్మలు వేసే ఆయనకు ఫోన్ చేసి, 'అ' దగ్గరున్న అరటిపండు తీసేయమన్నాను. ఇప్పుడు మా పుస్తకంలో 'అ' పక్కన వేలెడు అనపకాయ, 'ఆ' పక్కన పేజీ పట్టనంత ఆనపకాయ ఉన్నాయి.