ఓడ ఆటకు ఒక కాపీ

యల్లమ్మ అత్త కారు ఆట డిస్కును తిరిగి తెచ్చింది. వట్టి చేతులతో వస్తే ఏం బాగుంటుందని స్టీలు పళ్ళెంలో డిస్కు పెట్టి, దాని మీద జామకాయలు పేర్చుకుని వచ్చింది.

"ఇదిగో కోడలా, నీ బిళ్ళ. మావోడు కంటికి రెప్పలా చూసుకున్నాడు" అంది.

ఫెబీ జామకాయలు పక్కన పెట్టి డిస్కును వెలుతురుకు ఎత్తి చూసింది. మెరిసే వైపంతా గీతలే. మార్కాపురంలో పలకల దుమ్ము పడని వస్తువు ఉండదు. ఆ దుమ్ము మీదే ఎవరో చొక్కా అంచుతో గట్టిగా రుద్దారు. మెషీన్‌లో పెడితే కాసేపు గరగరలాడి, బొమ్మ రాకుండానే ఆగిపోయింది.

"పోనీలే అత్తా" అంది ఫెబీ. ఆ మాట అన్నందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

ఆ మంట ఆమెకు కొత్త కాదు, పైకి కనిపించదంతే. ఇంటర్ మొదటి ఏడాది సగంలో ఉండగా నాయన ఇస్సాకు మీద గనిలో రాయి పడి కాలు విరిగింది. కాలేజీ మానేసి ఫెబీ పలకల ఫ్యాక్టరీలో చేరింది. పలకలకు చెక్క చట్రాలు బిగించే పని. చుట్టూ ఆడవాళ్ళు రోజంతా కబుర్లాడుకుంటుంటే ఆమె వింటుంది, చూస్తుంది, తలూపుతుంది. ఎవరేది అడిగినా ఇచ్చేస్తుంది. దువ్వెన, గొడుగు, ఆదివారం చర్చికి దాచుకున్న చున్నీ కూడా. ఊరంతా అత్తలూ పిన్నులూ అన్నలే అయితే ఎవరికని లేదంటుంది?

తనకంటూ ఇష్టపడి కొనుక్కున్నది ఒక్కటే: పెదనాన్న కొడుకు ఇమ్మానుయేలు ఆడి ఆడి విసుగొచ్చి అమ్మేసిన ఆటల మెషీను, దాంతోపాటు వచ్చిన అసలు డిస్కులు. వాటిలో ఓడ ఆటంటే ఆమెకు ప్రాణం. గాలి ఎటు వీస్తుందో చూసి తెరచాప తిప్పుకుంటూ దీవి నుంచి దీవికి పోవాలి. ఎవరితోనూ మాట్లాడే పని లేదు. తల్లి దానమ్మ ట్యాంకరు దగ్గర కొట్లాడి బిందెలు నింపుకొచ్చి, టీవీ నిండా ఊగుతున్న సముద్రాన్ని చూసి ఉడుక్కునేది.

"అన్ని నీళ్ళు ఆడ పెట్టుకోని మనకొక బిందె ఇయ్యకపాయె!"

ఆ డిస్కు ఇప్పుడు ఎక్కడా దొరకదు. తయారుచేసినవాళ్ళే మానేశారు. కారు ఆటకు పట్టిన గతే దీనికీ పడితే ఇక అంతే. ఫెబీ ఇమ్మానుయేలుకు ఫోన్ చేసింది.

"నువ్వు కొన్నదే గదా, ఒక కాపీ తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకో. మెషీన్‌లో నేను పెట్టిచ్చిన చిన్న కార్డుంది, దాంతో పెన్‌డ్రైవ్‌లోది గూడ ఆడుతది. డిస్కు బీరువాలో పడెయ్" అన్నాడు.

చెప్పడానికి ఎంత సులువు!

పని లేని రోజు చూసి, ముందు కనుక్కుందామని డిస్కు ఇంట్లోనే ఉంచి బస్టాండు వైపు వెళ్ళింది. మొదటి నెట్ సెంటర్‌లో, డిస్కు కాపీ చేస్తారా అని అడిగితే కుర్రాడు తల ఎత్తకుండానే, "జిరాక్సేనా? కలరా, మామూలుదా?" అన్నాడు.

"జిరాక్స్ కాదన్నా. డిస్కు లోపల ఉండేది."

"డిస్కు పెట్టే అర ఈ కంప్యూటర్లకు యాడుంది చెల్లే? ఏ కాలంలో ఉండావు?"

రెండో చోట షాపాయన ఆమెను ఎగాదిగా చూశాడు. "ఆటలు కాపీ చేస్తే కేసవుతది, తెలుసునా? మేం అట్లాంటివి చెయ్యం" అన్నాడు. అంటూనే పక్కనున్న మనిషి ఫోన్లోకి మొన్న విడుదలైన సినిమా ఎక్కిస్తున్నాడు. ఫెబీ సినిమాను చూసింది, ఆయన్ను చూసింది, బయటికి వచ్చింది.

చివరికి పెళ్ళిళ్ళ వీడియోలు తీసే స్టూడియోలో డిస్కులు మింగే పాత కంప్యూటర్ దొరికింది. యజమాని నరేష్, "ఎవరి పెళ్ళి?" అన్నాడు.

"పెళ్ళి కాదన్నా. ఆట."

"పెళ్ళిలో ఆటనా? బిందెలో ఉంగరాలు తీసేది?"

"వీడియో గేమన్నా!"

"అట్ల జెప్పు. తీసుకరా, చేసిస్తా."

ఫెబీ గబగబా ఇంటికి వచ్చింది. అరలో డిస్కు లేదు.

"అమ్మా, ఓడ డిస్కేదీ?"

దానమ్మ ముఖం వెలిగిపోయింది. సంచిలోంచి ఆధార్ కార్డులూ రేషన్ కార్డూ తీసింది. అన్నీ కొత్తగా లామినేషన్ చేయించినవి, తళతళలాడుతున్నాయి. వాటి కింద నుంచి డిస్కు తీసి చూపించింది. అదీ తళతళలాడుతోంది, రెండు వైపులా ప్లాస్టిక్ అతికించుకుని.

"దుమ్ము, గీతలు అని పొద్దస్తమానం గొణుగుతాంటివి గదా. కార్డులతోపాటు దీన్ని గూడ చేపించినా. ఆ లామినేషన్ మెషీన్లో దూరకపోతే, పాపం ఆ షాపు పిల్లోడు ఇస్త్రీపెట్టె పెట్టి ఒత్తినాడు. ఇంగ నీళ్ళల్లో పడినా ఏంగాదు."

"అమ్మా! ఇట్లుంటే మెషీన్లో ఎట్ల పెట్టేది?"

"ఎందుకు పెట్టేది? దాచుకునేదానికే గదా నీ బాధంతా! వాడితే పాడైపోదా?"

మంచం మీద నుంచి ఇస్సాకు అందుకున్నాడు. "మీ అమ్మకు గూడ చేపిస్తే సరిపోతది. అరిగిపోకుండా ఉంటది."

"ముందు నీ నోటికి చేపిస్తా ఉండు!"

నవ్వాలో ఏడవాలో తెలియక ఫెబీ బ్లేడు తీసుకుని గడపలో కూర్చుంది. అంచు చుట్టూ కోసి, ప్లాస్టిక్‌ను గోటితో కొంచెం కొంచెంగా లాగింది. పైవైపు ఓడ బొమ్మలో సగం ప్లాస్టిక్‌తోపాటే ఊడి వచ్చింది. కిందివైపు మెరుపు మాత్రం మిగిలింది. ఒక పక్క వేడికి డిస్కు కాస్త వంగింది.

స్టూడియోకి దానమ్మ కూడా బయలుదేరింది. "నేను జేసిన తప్పేందో నేనే చూస్తా పద" అంది.

నరేష్ డిస్కును కంటి ఎత్తులో పెట్టి చూశాడు. "ఏందమ్మా, దీన్ని పెనం మీద కాల్చినారా?"

"కాల్చలేదు నాయనా, భద్రం చేసినా" అంది దానమ్మ.

కంప్యూటర్ డిస్కును మింగి మూలిగింది. తెర మీద పచ్చగీత మెల్లగా పాకి, సగం దాటాక ఆగిపోయింది. తల్లి కొంగు పట్టుకున్న చిన్నపిల్లలా ఫెబీ పెన్‌డ్రైవ్‌ను గుప్పిట్లో బిగించింది. దానమ్మ కళ్ళు మూసుకుని "ప్రభువా, ప్రభువా" అంటోంది.

"మా కంప్యూటర్‌కు గూడ ఒక ప్రార్థన చెయ్యమ్మా, ముసలిదైపోయింది" అన్నాడు నరేష్.

గీత కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలి చివరిదాకా పోయింది. సరిచూద్దామని నరేష్ డిస్కును ఇంకోసారి పెడితే, ఈసారి అసలు చదవనే లేదు.

"అదృష్టం చెల్లే. ఒక్కసారికే పనికొచ్చింది. ఇంగ నీకు ఈ కాపీనే దిక్కు" అంటూ దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చాడు.

ఫెబీ థాంక్స్ చెప్పింది. కానీ ఆమె కళ్ళు తెర మీదే ఉన్నాయి. ఆట కాపీ ఆ కంప్యూటర్‌లో ఇంకా అట్లాగే ఉంది.

"అన్నా, అది?"

"ఉండనీలే. నువ్వింత తిప్పలు పడితివంటే బాగుండేదే గదా, మా తమ్మునికీ వాని దోస్తులకీ ఎక్కిస్తా. నీదేం తరిగిపోదు."

"ఉంచుకో నాయనా, ఇంత సాయం చేస్తివి" అంది దానమ్మ.

ఫెబీకి చెవులు వేడెక్కాయి. దేశమంతా ఏకమై తన వస్తువును తనను అడక్కుండా పంచిపెడుతున్నట్టుంది.

"వద్దన్నా. తీసెయ్" అంది. గొంతు తను అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. "డిస్కు కొనుక్కున్నది నేను. కాపీ నాకోసం చేపించుకున్నా. పంచేదానికి గాదు."

నరేష్ మూతి ముడుచుకుని మౌస్ కదిపాడు. "ఇదో, పోయింది. సరేనా?"

"చెత్తబుట్టలో ఉంది. అది గూడ తీసెయ్."

నరేష్ దానమ్మ వైపు తిరిగాడు. "ఏందమ్మా, నీ కూతురికి మాటలు రావనుకుంటినే."

"నేనూ అట్లనే అనుకుంటి నాయనా" అంది దానమ్మ.

బుట్ట ఖాళీ అయ్యేదాకా ఫెబీ కుర్చీలోంచి లేవలేదు.